లెక్క ప్రకారం లొంగే రబ్బరు

ఎడ్లబండి తోలేవాడు దూరప్రయాణానికి బయలుదేరే ముందు ఇరుసుకు కందెన పూసేవాడు. చక్రం తిరిగేటప్పుడు అక్కడ ఒకటి ఇంకొకదాన్ని రాసుకుంటుంది. రాపిడి ఉన్నచోట కందెన తప్పదు. అది ఎండితే ఇరుసు కీచుమంటుంది, అరిగిపోతుంది. తొలినాటి మోటారు కార్ల సస్పెన్షన్ కీళ్లు కూడా ఇదే బాపతు. లోహపు బుష్, దానిలో ఉక్కు పిన్ను, మధ్యలో తరచు ఎక్కించాల్సిన గ్రీజు. ఇప్పటి కార్లలో ఆ స్థానంలోకి రబ్బరు బుష్ వచ్చింది. లోపల ఒక ఉక్కు గొట్టం, బయట ఇంకో గొట్టం, రెండింటికీ అతుక్కుపోయి మధ్యలో రబ్బరు. ఇందులో ఏదీ దేన్నీ రాసుకోదు. చక్రం గుంతలో దిగి లేచినప్పుడు సస్పెన్షన్ ఆర్మ్ ఊగుతుంది, రబ్బరు మెలి తిరుగుతుంది, మళ్లీ విప్పుకుంటుంది. గ్రీజు అక్కర్లేదు, చప్పుడు లేదు. అందుకేనేమో దాన్ని ఎవరూ పట్టించుకోరు. మెకానిక్ ‘బుష్‌లు పోయాయి’ అన్న రోజున గుర్తుకొస్తుంది, అప్పుడూ చిల్లర సామాను కిందే జమ. ఈ అధ్యాయం ఆ అభిప్రాయంతో విభేదిస్తుంది. ఏ దిక్కున ఎంత లొంగాలో, ఏ దిక్కున అసలు లొంగకూడదో ఇంజనీరు లెక్కగట్టి కారులో అమర్చిన భాగం బుష్. అరిగిన బుష్‌ను కనిపెట్టడమంటే ఆ లెక్క ఎక్కడ చెడిందో కనిపెట్టడం. దాన్ని మార్చడమంటే ఆ లెక్కను మళ్లీ నిలబెట్టడం.

దీనికి మంచి సాక్ష్యం 1977లో వచ్చిన పోర్షే 928. ముందుగా ఒక మాట తెలుసుకోవాలి. పైనుంచి చూసినప్పుడు చక్రం ముక్కు కాస్త లోపలికో బయటికో తిరిగి ఉండే కోణాన్ని ‘టో’ అంటారు. పాదాలు లోపలికి తిప్పి నడిచే మనిషిని ఊహించుకుంటే అది టో-ఇన్, బయటికి తిప్పి నడిస్తే టో-అవుట్. వేగంగా మలుపు తిరుగుతూ డ్రైవరు భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే, వెనక చక్రాలను రోడ్డు వెనక్కి లాగుతుంది. ఆనాటి చాలా సస్పెన్షన్లలో ఆ లాగుడుకు బుష్‌లు లొంగి వెనక చక్రం టో-అవుట్ వైపు తిరిగేది, కారు తోక బయటికి విసురుకునేది. వైసాఖ్‌లోని పోర్షే ఇంజనీర్లు ఆ లొంగుబాటును చంపేయాలని చూడలేదు. కీలు అమరికను మార్చి, అదే లాగుడుకు చక్రం టో-ఇన్ వైపు తిరిగేలా చేశారు. డ్రైవరు తడబడిన క్షణంలో కారు తనంతట తాను కుదురుకునే ఏర్పాటు అది. ఆ ఊరి పేరుతోనే దాన్ని వైసాఖ్ యాక్సిల్ అన్నారు. బుష్ లొంగడం ఎప్పుడూ లోపమే అయితే ఈ ఏర్పాటు సాధ్యమయ్యేదే కాదు.

ఒకే రబ్బరు ముక్క ఒక దిక్కున మెత్తగా, ఇంకో దిక్కున గట్టిగా ఎలా ఉండగలదు? రబ్బరుకున్న ఒక విచిత్ర గుణం వల్ల. దాని ఆకారం మార్చడం తేలిక, పరిమాణం తగ్గించడం మహా కష్టం. పక్కకు జరిపితే చూపించే మొండితనం కన్నా, అన్ని వైపులా మూసేసి నొక్కితే చూపించే మొండితనం దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువ. రబ్బరుకు ఉబ్బడానికి చోటు దొరికితే మెత్తన, దొరకకపోతే రాయి. బుష్ తయారీదారు ఈ గుణాన్నే వాడుకుంటాడు. కొన్ని బుష్‌లను అడ్డంగా చూస్తే రబ్బరులో అర్ధచంద్రాకారపు ఖాళీలు కనిపిస్తాయి. అవి రబ్బరు ఆదా చేయడానికి వదిలినవి కావు. ఖాళీ ఉన్న దిక్కున రబ్బరు ఉబ్బగలదు కాబట్టి అటు మెత్తన. ఖాళీ లేని దిక్కున గట్టి. గుంత తగిలినప్పుడు చక్రం ఒక వెంట్రుకవాసి వెనక్కి జరిగి దెబ్బను మింగాలి, మలుపులో మాత్రం పక్కకు జరగకూడదు. ఈ రెండు కోరికలనూ ఒకే ముక్క తీర్చేది ఆ ఖాళీల వల్లనే. కొత్త బుష్‌ను ఏ కోణంలో ప్రెస్ చేయాలో గుర్తులు పెట్టి మరీ ఇవ్వడానికి కారణమూ అదే. గుర్తు చూడకుండా ఎక్కించిన కొత్త బుష్, మెత్తగా ఉండాల్సిన చోట గట్టిగా, గట్టిగా ఉండాల్సిన చోట మెత్తగా తయారవుతుంది.

ఇక ఒక నిజమైన కారును తీసుకుందాం. బీఎండబ్ల్యూ ఎం3లలో ఇ46 తరం 2000 నుంచి 2006 వరకు తయారైంది. 3.2 లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజను, 343 హార్స్‌పవర్, బరువు ఒకటిన్నర టన్నుకు కాస్త అటూఇటూ. ఈ కార్లన్నిటికీ ఇప్పుడు ఇరవై ఏళ్లు పైబడుతున్నాయి. దాని వెనక సస్పెన్షన్‌లో ప్రతి చక్రాన్నీ రెండు అడ్డు ఆర్ములూ, కారు పొడవు దిశలో ఉండే ఒక ట్రెయిలింగ్ ఆర్మూ పట్టి ఉంచుతాయి. ట్రెయిలింగ్ ఆర్మ్ ముందు కొన కారు బాడీకి ఒక బ్రాకెట్ ద్వారా బిగుస్తుంది. ఆ కొనలో ఒకే ఒక్క రబ్బరు బుష్. చక్రం ముందుకూ వెనక్కీ లాగినా, టో కోణం నిలవాలన్నా భారం దాని మీదే. అది రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగేంతగా వదులైందనుకుందాం. అక్కణ్నుంచి చక్రం మధ్యకు దూరం అర మీటరు అనుకుంటే, 500 మిల్లీమీటర్లకు రెండు మిల్లీమీటర్లు, అంటే దాదాపు 14 నిమిషాల కోణం. డిగ్రీలో నాలుగో వంతు కూడా కాదు కదా అనిపించవచ్చు. కానీ వెనక టోను సర్వీసు పుస్తకాలు కొలిచేదే నిమిషాల్లో. అంత కోణం తప్పిన చక్రం కిలోమీటరు దొర్లేసరికి నాలుగు మీటర్లు పక్కకు ఈడ్చినంత పని టైరు మీద పడుతుంది. పైగా ఈ తప్పు స్థిరంగా ఉండదు. యాక్సిలరేటర్ తొక్కితే ఒక వైపు, వదిలితే ఇంకో వైపు. స్టీరింగ్ కదపకుండానే వెనక నుంచి ఎవరో కారును తిప్పుతున్నట్టు డ్రైవరుకు అనిపించేది ఇందుకే. ఆ అనుభూతి భ్రమ కాదు. వెనక చక్రాలు నిజంగానే తిరుగుతున్నాయి.

ముందు చక్రాల కథ బ్రేకుతో తెలుస్తుంది. ఇలాంటి కారు గట్టిగా బ్రేకు వేస్తే భూమ్యాకర్షణకు సమానమైన వేగనిరోధం సాధించగలదు. ఒకటిన్నర టన్నుల కారుకు అది సుమారు 15,000 న్యూటన్ల బలం. అందులో 70 శాతం ముందు చక్రాల వంతు అనుకుంటే ఒక్కో చక్రానికి అయిదు వేల పైచిలుకు. అర టన్ను బరువును వేలాడదీసినంత లాగుడు అన్నమాట. ముందు చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ కంట్రోల్ ఆర్మ్ వెనక బుష్ ఆ లాగుడులో పెద్ద వాటాను భరిస్తుంది. బ్రేకు డిస్కు ప్రతి చుట్టులోనూ కొద్దిపాటి ఎగుడుదిగుడు ఉంటుంది, ఎంత మంచి డిస్కుకైనా. 225/45 కొలత 18 అంగుళాల ముందు టైరు చుట్టుకొలత రెండు మీటర్ల పైమాట. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 13 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 13 చిన్న తోపులు బుష్‌కు తగులుతాయి. ఆరోగ్యంగా ఉన్న రబ్బరు ఆ ఊగులాటను వేడిగా మార్చి అణిచేస్తుంది. వదులైన బుష్ అణచడం మాని, ఆ లయకు తనూ ఊగుతుంది. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తే ఊపు పెరిగినట్టు, ఏదో ఒక వేగం దగ్గర స్టీరింగ్ చేతుల్లో వణుకుతుంది, ఆ వేగం దాటగానే తగ్గుతుంది. డిస్కులు మారిస్తే వణుకు పోయి, కొన్ని వేల కిలోమీటర్లకు మళ్లీ మొదలయ్యే కార్లలో అసలు దోషి ఎవరో ఇప్పుడు ఊహించవచ్చు. తోపు డిస్కుది, దాన్ని పెద్దది చేసింది బుష్.

తక్కువ తిరిగిన కారుకు ఈ బాధ ఉండదని ఒక నమ్మకం ఉంది. అరవై వేల కిలోమీటర్లే తిరిగింది, అప్పుడే బుష్‌లేమిటి అంటారు. రబ్బరు ఓడోమీటర్ చూసి ముసలిది కాదు. దాని పొడవాటి అణు గొలుసుల్లో జంట బంధాలుంటాయి. గాలిలోని ఆక్సిజన్ వాటిని మెల్లగా పట్టుకుని గొలుసుల మధ్య కొత్త ముడులు వేస్తుంది, రబ్బరు గట్టిపడి పెళుసవుతుంది. ఓజోన్ అవే బంధాలను తెంచుతుంది. సాగదీసి ఉన్న చోట ఉపరితలం మీద సన్నటి బీటలు వస్తాయి. వేడి ఈ రెండింటినీ తొందరపెడుతుంది. పది డిగ్రీలు పెరిగితే రసాయనచర్య వేగం రెట్టింపవుతుందనే మోటు లెక్క ఇక్కడ బాగానే పనికొస్తుంది. మన వేసవిలో 45 డిగ్రీల ఎండకు కాగే రోడ్డు మీద తిరిగే ఏ కారు బుష్‌కైనా ఆ లెక్క వర్తిస్తుంది. ఇంజను ఆయిలు కారి మీద పడితే సహజ రబ్బరు ఉబ్బి, బురదలా మెత్తబడుతుంది. షెడ్డులో కదలకుండా పడుకున్న కారుకు కిలోమీటర్లు పెరగవు కానీ సంవత్సరాలు పెరుగుతాయి. అందువల్ల ఇరవై ఏళ్ల కారులో బుష్‌ల వయసు అడగాలి, మైలేజీ రెండో ప్రశ్న.

వయసు అనుమానాన్ని ఇస్తుంది, రుజువును ఇవ్వదు. రుజువు కోసం లక్షణాలను విడదీయాలి. బ్రేకు వేయకుండా ఒకే వేగంలో పోతున్నప్పుడు స్టీరింగ్ వణికితే ముందు టైరు బ్యాలెన్సింగ్ చూడాలి. బ్రేకు వేసినప్పుడే వణికి, పెడల్ కూడా పాదాన్ని తంతున్నట్టుంటే డిస్కు మీద అనుమానం. పెడల్ స్థిరంగా ఉండి స్టీరింగ్ మాత్రం అటూఇటూ కొట్టుకుంటే బుష్ వైపు తిరగాలి. స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు ‘టక్కు’మంటే అది లింక్ రాడ్డో బాల్ జాయింటో కావచ్చు, నెమ్మదిగా రివర్సు చేస్తూ బ్రేకు తాకించగానే ఒక్కసారి ‘ధబ్బు’మని, మళ్లీ ముందుకు వచ్చి బ్రేకు తాకిస్తే ఇంకోసారి అంటే, ఏదో భాగం ముందుకూ వెనక్కీ జరిగి తన హద్దును గుద్దుకుంటున్నట్టు. వెనక టైర్ల లోపలి అంచు మాత్రమే అరగడం ఇంకో సాక్ష్యం, అయితే అది అలైన్‌మెంట్ లోపానికీ చెల్లుతుంది. ఒక్క లక్షణాన్ని పట్టుకుని తీర్పు చెప్పకూడదు. రెండు మూడు లక్షణాలు ఒకే భాగాన్ని చూపిస్తే అప్పుడు కారు కిందికి పోవాలి.

కారు కింద కూడా కన్ను మోసం చేస్తుంది. రబ్బరు మీద సన్నటి బీటల వల నిండా ఉన్నా బుష్ బాగానే పనిచేస్తూ ఉండవచ్చు, ఎందుకంటే ఓజోన్ పని పైపైనే. భయపడాల్సింది రబ్బరు లోహం నుంచి ఊడిన గీతను చూసి. టార్చి వేసి బయటి గొట్టం అంచు వెంబడి చూడాలి. అక్కడ గోరు దూరేంత నల్లటి సందు, దాని పక్కన రాసుకుని తళతళలాడే లోహం కనిపిస్తే తీర్పు వచ్చినట్టే. ద్రవం నింపిన బుష్‌లైతే జిడ్డు చార కారి మట్టి అంటుకుని ఉంటుంది. తరువాత పొడుగాటి ఇనుప రాడ్డుతో ఆర్మ్‌ను మెల్లగా ఎత్తి చూడాలి. కదలడం తప్పు కాదు; రబ్బరు కదలడానికే ఉంది. చేతికి ఎదురొత్తుతూ కదిలి, వదలగానే తిరిగి వచ్చేది ఆరోగ్యం. కొంత దూరం ఎదురే లేకుండా జారి ఆపైన ఠక్కున ఆగేది జబ్బు. రెండో వైపు బుష్‌తో పోల్చడం ఉపయోగమే, కానీ రెండూ ఒకే వయసువని మరవకూడదు. ఎం3 వెనక బుష్ బ్రాకెట్ లోపల దాక్కుని ఉంటుంది కాబట్టి అక్కడ కన్ను పెద్దగా పనిచేయదు. అలైన్‌మెంట్ యంత్రం మీద కారు ఉండగానే వెనక చక్రాన్ని ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి బలంగా లాగి, తెర మీద టో అంకె ఎంత మారుతుందో చూడటం మేలైన దారి. రెండు వైపులా అంకెలు తేడాగా మారినా, లాగడం ఆపిన తర్వాత మొదటి చోటికి రాకపోయినా బుష్ తన గుట్టు తానే విప్పినట్టు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే టో సరిపోతుంది కదా, బుష్‌లు విప్పడం ఎందుకు? అలైన్‌మెంట్ కొలిచేది నిలబడి ఉన్న కారును. ఆ క్షణంలో బ్రేకు బలం లేదు, మలుపు బలం లేదు. వదులైన బుష్ నిలకడగా ఉన్న క్షణంలో తీసిన అంకెలు, బలం పడగానే చెల్లవు. ఊగే గుంజకు తాడు సరిచేసి కట్టినంత మాత్రాన పందిరి నిలవదు. ఇంకో అభ్యంతరం దీనికి చుట్టమే: తనిఖీలో కారు పాసయింది కదా అని. జర్మనీలో పాత కార్లకు రెండేళ్లకోసారి తప్పనిసరి తనిఖీ ఉంది, అందులో సస్పెన్షన్ కీళ్లూ చూస్తారు. ఆ తనిఖీ అడిగే ప్రశ్న ‘ఇది రోడ్డు మీద ప్రమాదకరమా’ అని. ‘ఇంజనీరు ఉద్దేశించినట్టు నడుస్తోందా’ అన్నది వేరే ప్రశ్న. వేగం కోసం కట్టిన కారులో ఈ రెంటి మధ్య దూరం మామూలు కారులో కన్నా ఎక్కువ, ఎందుకంటే వెడల్పాటి టైర్లు రోడ్డును గట్టిగా పట్టుకున్నకొద్దీ బుష్ మీద పడే బలమూ పెరుగుతుంది.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది, దానికి గౌరవంగానే జవాబివ్వాలి. లొంగడమే సమస్య అయితే లొంగని పాలీయురేథేన్ బుష్‌లు వేస్తే సరి, మన్నిక కూడా ఎక్కువ అంటారు. పందెపు ట్రాకు మీదే నడిపే కారుకు ఈ వాదన చాలావరకు న్యాయమే. అక్కడ చప్పుడు లెక్కలోకి రాదు, ప్రతి నిమిషం కోణమూ లెక్కలోకి వస్తుంది. రోడ్డు మీది కారుకు మూడు చిక్కులున్నాయి. మొదటిది, ఎం3 వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ తలుపు కీలులాగా ఒకే అక్షం మీద తిరగదు. అడ్డు ఆర్ములు చక్రాన్ని వాలుస్తుంటే, దానికి కట్టుబడ్డ ట్రెయిలింగ్ ఆర్మ్ తన పొడవు చుట్టూ కూడా కాస్త మెలి తిరగాలి. రబ్బరు ఆ మెలికను ఒప్పుకుంటుంది. గట్టి పాలీయురేథేన్ ఒప్పుకోక బిగపడుతుంది. స్ప్రింగు చేయాల్సిన పనిలో బుష్ తలదూరుస్తుంది. ట్రాకు కార్లు చాలావాటిలో ఆ చోట గోళాకారపు లోహపు కీలు పెట్టేది ఈ చిక్కు తప్పించుకోవడానికే. రెండోది, పాలీయురేథేన్ బుష్‌లు చాలావరకు లోపలి గొట్టానికి అతుక్కుని ఉండవు, దాని మీద జారుతూ తిరుగుతాయి. జారేచోట గ్రీజు కావాలి, గ్రీజు ఎండితే కీచుమంటాయి. ఎడ్లబండి ఇరుసు మళ్లీ ఇంటికొచ్చినట్టే. మూడోది, బుష్ మింగని దెబ్బ మాయమైపోదు, తర్వాతి భాగాన్ని చేరుతుంది. ఇ46 కార్లలో వెనక సస్పెన్షన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్ బిగిసే చోట నేల రేకు చీలడం అందరికీ తెలిసిన బలహీనత. ఆ చీలికలకు బుష్‌లే కారణమని ఇక్కడ అనడం లేదు. అలాంటి రేకు మీదికి ఇంకొంచెం దెబ్బ పంపే ముందు ఆలోచించాలన్నదే మాట. మన్నిక ఎక్కువన్న సద్గుణం నిజమే కావచ్చు, అయితే తప్పు పనిని ఎక్కువ కాలం చేయడం మన్నిక అనిపించుకోదు.

మార్చడంలో శ్రమ ఎక్కువ, సూత్రాలు తక్కువ. జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. గట్టి నేల మీద జాక్ స్టాండ్లు తప్పనిసరి. వెనక బ్రాకెట్ బోల్టుల రంధ్రాలు పొడవుగా ఉంటాయి, టో సర్దేది అక్కడే. కాబట్టి విప్పే ముందు దాని స్థానం గీత గీసి పెట్టుకోవాలి. పాత బుష్‌ను మంటపెట్టి తీసే అలవాటు మంచిది కాదు: కాలే రబ్బరు పొగ విషం, ఆర్మ్ అల్యూమినియందైతే ఆ వేడి దాని బలాన్ని తినేస్తుంది. లాగే పరికరంతోనో ప్రెస్‌తోనో తీయాలి. కొత్తదాన్ని ఎక్కించేటప్పుడు ఒత్తిడి బయటి గొట్టం మీదే పడాలి. లోపలి గొట్టం మీద నొక్కితే ఎక్కకముందే రబ్బరు అతుకు తెగుతుంది. ముందు బుష్‌ను ఆర్మ్ కొన మీదికి జార్చడానికి సబ్బునీళ్లు చాలు, పెట్రోలియం గ్రీజు రబ్బరుకు శత్రువు. నీళ్లు ఆరేలోపు కారును చక్రాల మీద నిలబెట్టాలి, అప్పుడే బుష్ తన సరైన కోణంలో పట్టుకుంటుంది. ఎప్పుడూ జంటగానే మార్చాలి, చివర అలైన్‌మెంట్ చేయించాలి. ఎలాగూ అన్నీ ముసలివే, అన్నీ ఒకేసారి మార్చేస్తే పరీక్షలతో పనేముంది అని అడగవచ్చు. స్తోమత ఉంటే అన్నీ మార్చడం తప్పు కాదు. కానీ జబ్బు బాల్ జాయింట్‌లోనో చీలిన రేకులోనో ఉంటే కొత్త బుష్‌లు దాన్ని కొన్నాళ్లు కప్పిపెడతాయి. రేకు చీలిక విషయంలో ఆ కొన్నాళ్లు ఖరీదైనవి.

అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం చివరి బోల్టులో ఉంది. కారు గాలిలో ఉన్నప్పుడు చక్రాలు వేలాడుతుంటాయి. ఆ భంగిమలో బుష్ మధ్య బోల్టు బిగిస్తే, రబ్బరు తన విశ్రాంతి స్థానం అదే అనుకుంటుంది. 400 మిల్లీమీటర్ల ఆర్మ్ కొన వంద మిల్లీమీటర్లు కిందికి వేలాడుతోందనుకుంటే అది 14 డిగ్రీల పైమాట. కారు దిగి చక్రాల మీద నిలబడగానే రబ్బరు అన్ని డిగ్రీలు మెలి తిరిగి, కారు ఆగి ఉన్నా, నడుస్తున్నా, రాత్రంతా నిద్రపోతున్నా అలాగే పిండిన గుడ్డలా ఉండిపోతుంది. గుంత వచ్చిన ప్రతిసారీ ఆ మెలిక మీద ఇంకో మెలిక. కొత్త బుష్ కొద్దికాలంలోనే చిరిగిందంటే, తప్పు చాలాసార్లు రబ్బరుది కాదు. సరైన పద్ధతి తేలికే: బోల్టును చేతి బిగువుతో వదిలి, కారు బరువు చక్రాల మీద పడ్డాక, లేదా ఆర్మ్‌ను కొలిచి సరిగ్గా ఆ కోణంలో నిలబెట్టాక, టార్క్ రెంచ్‌తో చెప్పిన బిగువుకు బిగించాలి. దీనికి కొత్త పరికరమేదీ అక్కర్లేదు, ఇంకో పావుగంట ఓపిక కావాలి. రబ్బరు కందెన లేకుండా, రాపిడి లేకుండా పనిచేసేది అది మెలి తిరిగి మళ్లీ సున్నాకు రాగలదు కాబట్టి. ఆ సున్నా ఎక్కడుండాలో నిర్ణయించేది ఈ బోల్టు బిగించే క్షణమే. దాన్ని ఎప్పుడు బిగిస్తున్నాడో గమనిస్తే చాలు, చేసే మనిషి బుష్‌ను చిల్లర సామాను అనుకుంటున్నాడో, కారు లెక్కలో ఒక అంకె అనుకుంటున్నాడో తెలిసిపోతుంది.